ఏ పేజీలో ఉందో చూపిస్తారా?



రెండేళ్ల కిందట, దసరాకి ఊరెళ్లే ముందు మా కారు సర్వీసింగ్‌కి ఇచ్చాను. కారు కొని అప్పటికి రెండేళ్లు నిండుతున్నాయి. కొన్న షోరూమ్ వాళ్లదే సర్వీస్ సెంటరు. పొద్దున ఇచ్చాను, సాయంత్రం తెచ్చుకున్నాను. కారు తళతళలాడుతోంది. బిల్లు చేతిలో పెట్టారు, కట్టేశాను. ఆ బిల్లులో ఏసీ ఫిల్టరు కొత్తది వేసినట్టు ఒక వరుస ఉంది.

మర్నాడు ఆదివారం. మా అబ్బాయి వీడియో చూసి నేర్చుకున్నానని చెప్పి, ముందు సీటు ఎదురుగా కాగితాలు పెట్టుకునే గ్లవ్ బాక్స్ ఊడదీశాడు. దాని వెనకే ఉంటుంది ఆ ఫిల్టరు. మూత తీసి బయటికి లాగాడు. తెల్లగా ఉండాల్సిన మడతల మీద బూడిదరంగు దుమ్ము పేరుకుపోయి ఉంది. మడతల మధ్య ఎండిపోయిన వేపాకులు రెండు. మేం కారు నిలిపేది వేపచెట్టు కిందే. అంటే ఆ ఫిల్టరు మాతోపాటు ఏడాదిగా ఆ చెట్టు కింద ఉన్నదే.

సోమవారం బిల్లు, ఆ ఫిల్టరు రెండూ తీసుకుని వెళ్లాను. వర్క్స్ మేనేజరు స్టోర్ రికార్డు చూశారు. కొత్త ఫిల్టరు స్టోర్ నుంచి బయటికి వచ్చింది, కారులోకి మాత్రం వెళ్లలేదు. పండగ ముందు రద్దీలో తప్పిపోయిందన్నారు. క్షమించమని అడిగారు. నా కళ్లెదుటే కొత్తది పెట్టించారు. దాని ఖరీదు 500 రూపాయల లోపే. కానీ ఇంటికి వస్తుంటే దారంతా నాకు ఒకటే ఆలోచన. ఫిల్టరంటే తీసి చూశాం. ఇంజన్ ఆయిల్ మార్చారో లేదో ఎలా చూస్తాం? బ్రేకుల్లో పోసే ద్రవం మార్చారో లేదో ఎవరు చూస్తారు? పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండిని మనం ఎవరి చేతిలో పెడుతున్నాం, ఏం చూసి పెడుతున్నాం?

కొత్త కారు సర్వీసింగు విషయంలో డీలర్లను ఎంతవరకు నమ్మవచ్చు, ఆ నమ్మకాన్ని ఎలా నిలబెట్టుకోవాలి? ఇవాళ మీతో మాట్లాడదలుచుకున్నది దీని గురించే. నేను మెకానిక్‌ని కాను, బ్యాంకు ఉద్యోగిని. అయితే ఈ నాలుగేళ్లలో నాకు అర్థమైంది ఒకటుంది. సర్వీసింగు సరిగ్గా చేయించుకోవడానికి యంత్రం గురించి తెలియక్కర్లేదు. చదవడం, అడగడం, చూడడం వస్తే చాలు.

మా నాన్నగారికి తెనాలిలో ఒక అంబాసిడర్ కారు ఉండేది. దానికి ఒక మేస్త్రి ఉండేవాడు. షెడ్డంటే రేకుల కప్పు, ముందు ఒక రావిచెట్టు. నాన్నగారు ఆ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మేస్త్రి కారు కింద నుంచే మాట్లాడేవాడు. 'అయ్యగారూ, ఈ బుష్షు చూడండి, ఎట్లా అరిగిపోయిందో' అని తీసి చేతిలో పెట్టేవాడు. సాయంత్రం కారు ఇంటికి వచ్చేసరికి వెనక సీటు మీద పాత పార్టులన్నీ న్యూస్ పేపరులో చుట్టి ఉండేవి. నాన్నగారికి ఆ మేస్త్రి అంటే నమ్మకం. ఆ నమ్మకం ఆయన కళ్లతో చూసి సంపాదించుకున్నది.

ఇప్పుడు మనం అద్దాల గదిలో కూర్చుంటున్నాం. ఏసీ ఉంటుంది, టీ ఇస్తారు, టీవీ ఉంటుంది. అద్దం అవతల ఎక్కడో మన కారు ఉంటుంది. దాన్ని బాగుచేసే కుర్రాడి ముఖం మనం చూడం, అతనికి మన ముఖం తెలియదు. మధ్యలో ఒక మనిషి ఉంటాడు. అతన్ని సర్వీస్ అడ్వైజర్ అంటారు. మన ఫిర్యాదు విని జాబ్ కార్డు రాసేది అతనే, బిల్లు వివరించేది అతనే. మనకీ మన కారుకీ మధ్య ఉన్న ఒకే ఒక్క కిటికీ అతను.

అతని ఉద్యోగం ఎలాంటిదో కూడా మనం తెలుసుకోవాలి. కొత్త కారు అమ్మితే డీలరుకి మిగిలేది తక్కువ. షోరూమ్ అద్దె, జీతాలు, నిలవ ఉన్న కార్ల మీద బ్యాంకు వడ్డీ, కొనేవాళ్లకి ఇచ్చే తగ్గింపులు అన్నీ పోగా పెద్దగా ఉండదు. ఆ వ్యాపారాన్ని నిలబెట్టేది ఎక్కువగా సర్వీసు, స్పేర్ పార్టులు, ఇన్సూరెన్సు. అందుకని చాలాచోట్ల అడ్వైజర్ల మీద నెలవారీ టార్గెట్లు ఉంటాయి. ఎన్ని కార్లు చూశారన్నది ఒక లెక్క. ఒక్కో కారుకి అదనంగా ఎంత పని రాయించారన్నది ఇంకో లెక్క. అంటే అతను మనకి సలహా ఇచ్చే మనిషి, అదే నోటితో సరుకు అమ్మాల్సిన మనిషి కూడా. మంచివాడైనా సరే, ఆ రెండు పాత్రల మధ్య నలుగుతూ ఉంటాడు. ఇది మనసులో పెట్టుకుంటే అతని మీద కోపం రాదు. అతను చెప్పినదల్లా తలూపి ఒప్పుకోవాలనీ అనిపించదు.

ఇంకో సంగతి. షోరూమ్ మీద బోర్డు కార్ల కంపెనీది. లోపల వ్యాపారం వేరొకరిది. డీలరు కంపెనీకి ఉద్యోగి కాదు, సొంత పెట్టుబడితో కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్న వ్యాపారి. 2009లో తయారైన కారుని 2011 మోడల్ అని అమ్మిన ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. డీలరు చేసిన తప్పు కంపెనీకి ముందే తెలుసని రుజువు కానప్పుడు, ఆ తప్పుకి కంపెనీని బాధ్యురాల్ని చేయలేమని కోర్టు చెప్పింది. డీలరు బాధ్యత డీలరుకి ఉండనే ఉంది. కాబట్టి 'ఇంత పెద్ద కంపెనీ, తప్పు చేస్తుందా' అని మనం అనుకునే ధీమా అన్నిసార్లూ సరైన చోట నిలబడదు. మన వ్యవహారం ఫలానా ఊళ్లో, ఫలానా వీధిలో ఉన్న ఒక వ్యాపారితో. ఆ వ్యాపారిని మనం స్వయంగా చూసి అంచనా వేసుకోవాలి.

మరి దేనితో అంచనా వేయాలి? కొలబద్ద మన కారులోనే ఉంది. కొన్నరోజు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, తాళాలతో పాటు ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చారు, గుర్తుందా? ఓనర్స్ మాన్యువల్. చాలా ఇళ్లలో అది ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గ్లవ్ బాక్స్‌లో పడి ఉంటుంది. అందులో గానీ, దానితో వచ్చే సర్వీస్ బుక్కులో గానీ ఒక పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకి, ఎన్ని నెలలకి ఏమేం పరీక్ష చేయాలి, ఏమేం మార్చాలి అన్నది కారుని తయారుచేసిన ఇంజనీర్లు రాసిన పట్టిక. అమ్మకాల టార్గెట్టు తగలని మాట ఈ మొత్తం వ్యవహారంలో అదొక్కటే.

మా కారుకి ఏడాది నిండినప్పుడు జరిగింది చెబుతాను. అప్పటికి సుమారు 9 వేల కిలోమీటర్లు తిరిగింది. అడ్వైజరు ఎస్టిమేటు రాసి, కాగితం మా వారి వైపు తిప్పాడు. కారు నాది, నడిపేది నేను. కాగితం నేను తీసుకున్నాను. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు సరే. వాటి కింద ఇంకో నాలుగు వరుసలు ఉన్నాయి. ఇంజన్ లోపలి మసి తీయడం, దాన్ని డీకార్బనైజేషన్ అంటారు. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం. ఏసీకి రోగక్రిముల నివారణ. కారు అడుగుభాగానికి తుప్పు పట్టకుండా పూత. ఈ నాలుగూ కలిపితే అసలు సర్వీసు ఖర్చు కంటే ఎక్కువ. నేను పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టాను. 'ఇవి ఏ పేజీలో ఉన్నాయో చూపిస్తారా?' అని అడిగాను. గొంతు పెంచలేదు, వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాను. అతను పుస్తకం తిరగేశాడు. పది వేల కిలోమీటర్ల వరుసలో వేలు పెట్టి చూశాడు. 'ఇవి కంపల్సరీ కావు మేడమ్, చేయిస్తే మంచిదని రాశాను' అన్నాడు. 'అయితే ఈసారికి వద్దు' అన్నాను. కొట్టేశాడు. అంతే. రెండు నిమిషాల పని.

ఆ ప్రశ్నకి యంత్రజ్ఞానం అక్కర్లేదు, గమనించండి. ముఖ్యంగా నాలాంటి ఆడవాళ్లకి, మొదటిసారి కారు కొన్నవాళ్లకి చెబుతున్నాను. థ్రాటిల్ బాడీ అంటే ఏమిటో మీకు తెలియకపోయినా పర్వాలేదు. ఏ పేజీలో ఉందో చూపించమని అడగడం వస్తే చాలు.

పుస్తకంలో లేనివన్నీ వృథా అని అనడం లేదు. విశాఖపట్నంలో, కాకినాడలో, మచిలీపట్నంలో సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడివాళ్లు అడుగుభాగానికి పూత గురించి ఆలోచించవచ్చు. ఏసీ వేయగానే వాసన వస్తుంటే దాన్ని శుభ్రం చేయించాలి. కానీ కారణం ఉండాలి. 'ఎందుకు?' అని అడిగితే ఆ కారణం మన కారుకి సంబంధించినదై ఉండాలి. అప్పుడే ఏడాది నిండిన పెట్రోలు ఇంజనుకి, ఏ ఇబ్బందీ లేనప్పుడు మసి తీయించడానికి నాకు కారణం కనిపించలేదు.

ఉచిత సర్వీసుల గురించి ఒక మాట. సాధారణంగా కొత్త కారుకి మొదటి మూడు సర్వీసులు ఉచితం అంటారు. ఉచితమయ్యేది కూలి మాత్రమే. ఆయిలు, ఫిల్టర్లు, ఇతర వస్తువుల డబ్బు మనమే కట్టాలి. మొదటిది నెల, రెండు నెలల్లో వస్తుంది. అది దాదాపు చూసి పంపడమే. ఇది ముందే తెలిస్తే, ఉచితమని చెప్పి బిల్లు వేశారన్న అపార్థం రాదు. ఆ అపార్థంతో మొదలైన గొడవలు నేను ఆ అద్దాల గదిలోనే చాలా విన్నాను.

పుస్తకం డీలరుని ఎలా కట్టడి చేస్తుందో, మనల్నీ అలాగే కట్టడి చేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఒక మాస్టారు ఉన్నారు. కొత్త కారు కొన్నారు. కూరల మార్కెట్టుకి, గుడికి తప్ప బయటికి తీయరు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. 'పది వేలకి కదమ్మా సర్వీసు, ఇంకా చాలా టైముంది' అనేవారు. రెండేళ్లు అలాగే గడిచాయి. తర్వాత ఇంజనులో ఇబ్బంది వచ్చింది. వారంటీ కింద చేయమని వెళితే సర్వీసు రికార్డు అడిగారు. లేదు. మాస్టారికి చాలా ఖర్చయింది.

పట్టికలో కిలోమీటర్లు ఉంటాయి, పక్కనే నెలలు ఉంటాయి. ఏది ముందు వస్తే అదే గడువు. తక్కువ తిరిగే బండికి ఆయిల్ ఎక్కువకాలం ఆగుతుందని మనం అనుకుంటాం. నిజానికి రోజూ రెండు కిలోమీటర్లు నడిపి ఆపేసే బండిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. లోపల పుట్టిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరై పోవు, ఆయిల్లోనే కలుస్తాయి. ఆయిలు చెడిపోతుంది. అందుకే నెలల లెక్క పెట్టారు. కాబట్టి డీలరు ఫోన్ చేసి 'మీ బండికి ఏడాది అయింది, తీసుకురండి' అన్నప్పుడు, అది డబ్బుల కోసమే అని కొట్టిపారేయకండి. ఆ మాట పుస్తకంలో ఉంది.

వారంటీ అన్నాం గనక, అందరి మనసులో ఉండే ప్రశ్న ఒకటుంది. బయటి మెకానిక్ దగ్గర చేయిస్తే వారంటీ పోతుందా? విజయవాడలో ఆటోనగర్ ఉంది. లారీకి బాడీ కట్టే దగ్గర నుంచి చిన్న బేరింగు దాకా అక్కడ దొరకని పని లేదు. గుంటూరులో, గాజువాకలో, హైదరాబాదులో కూడా ఆటోనగర్లు ఉన్నాయి. మూడు తరాలుగా మన బండ్లని నడిపించింది ఆ చేతులే. ఆ చేతుల నైపుణ్యాన్ని తక్కువ చేస్తే పాపం.

బయటి రిపేర్ల విషయమై 2011లో ఒక వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాని ఆశ్రయించాడు. విడిభాగాలు బయట దొరకనివ్వడం లేదు, రిపేరుకి కావలసిన పరికరాలు, సమాచారం బయటి గ్యారేజీలకి ఇవ్వడం లేదు అన్నది ఫిర్యాదు. విచారణ విస్తరించింది. 2014 ఆగస్టు 25న కమిషన్ తీర్పు ఇచ్చింది. 14 కార్ల కంపెనీల మీద కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరికేలా చూడాలంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దు అనే షరతు పెట్టకూడదంది. బయటివారి పని లోపం వల్ల నష్టం జరిగితే ఆ మేరకే వారంటీ నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు పైకి వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పు జరిగిందన్న నిర్ధారణని సమర్థించి, జరిమానా లెక్కని మాత్రం తగ్గించింది. ఆ తర్వాత కూడా వ్యవహారం కోర్టుల్లో సాగింది. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం ఒక కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో కార్ల రంగం కూడా ఉంది. గాలి మన వైపే వీస్తోంది.

అయినా నా సలహా సూటిగా చెబుతాను. వారంటీ ఉన్నన్నాళ్లూ పట్టికలో ఉన్న సర్వీసులు డీలరు దగ్గరే చేయించండి. కోర్టులో గెలవగల హక్కు వేరు, రోడ్డు మీద బండి ఆగిన రోజున పని జరగడం వేరు. రికార్డు శుభ్రంగా ఉంటే వాదనే ఉండదు. వారంటీ కాలం కూడా పెరుగుతోంది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ కార్లు అమ్మే మారుతీ సుజుకీ 2024 జూలైలో తన వారంటీని రెండేళ్లు, 40 వేల కిలోమీటర్ల నుంచి మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకి పెంచింది. అంత విలువైన హామీని ఒక సర్వీసు ఖర్చు దగ్గర పోగొట్టుకోకూడదు.

డీలరు తప్ప ఇంకొకరు చేయలేని పనులూ ఉన్నాయి. తయారీలోనే లోపం ఉందని తెలిస్తే కంపెనీ ఆ కార్లని వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేస్తుంది. దాన్ని రీకాల్ అంటారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, అవసరమైతే ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించే అధికారం వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధనలు అమల్లో ఉన్నాయి. మీ కారు చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రీకాల్ ఉంటే తెలుస్తుంది. ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు, ఇంజన్‌ని నడిపే కంప్యూటరు సాఫ్ట్‌వేరు లాంటివి శిక్షణ పొందినవారి చేతిలోనే ఉండాలి. ఎలక్ట్రిక్ కార్ల సంగతి చెప్పక్కర్లేదు. వాటికి ఇంజన్ ఆయిలు అక్కర్లేదు, సర్వీసు ఖర్చు తక్కువ. కానీ బ్యాటరీ వందల వోల్టులది. చాలా కంపెనీలు ఆ బ్యాటరీకి 8 ఏళ్లు, లక్షా 60 వేల కిలోమీటర్ల హామీ ఇస్తున్నాయి. అలాంటి చోట ప్రయోగాలు వద్దు.

అంటే డీలరు దగ్గరకి వెళ్లడం తప్పదు. కళ్లు తెరుచుకుని వెళ్లాలి. పొద్దున బండి ఇచ్చేటప్పుడు నేను చేసే పనులు చెబుతాను. ముందు రోజు రాత్రి పట్టిక చూసి, ఈసారి ఏమేం మార్చాలో ఒక చీటీ మీద రాసుకుంటాను. కారులో సామాను తీసేస్తాను. కిలోమీటర్ల అంకె, పెట్రోలు ముల్లు కనిపించేలా ఒక ఫోటో తీస్తాను. చెప్పాల్సిన ఫిర్యాదు నా మాటల్లో జాబ్ కార్డు మీద రాయిస్తాను. 'శబ్దం వస్తోంది' అంటే లాభం లేదు. 'పొద్దున మొదటిసారి తీసినప్పుడు, స్పీడ్ బ్రేకరు మీద, ఎడమవైపు ముందు చక్రం దగ్గర వస్తోంది' అని రాయించాలి. వీలైతే టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి వినిపించాలి. జాబ్ కార్డు చివర రెండు వాక్యాలు తప్పకుండా రాయిస్తాను. 'నాకు ఫోన్ చేసి ఒప్పుకోలు తీసుకోకుండా అదనపు పని చేయవద్దు. మార్చిన పాత పార్టులు చూపించాలి.' ఆ కార్డుని ఫోటో తీసుకుని అప్పుడు సంతకం పెడతాను.

ఈ రెండో వాక్యం నాకు ఆ వేపాకుల ఫిల్టరు నేర్పింది. అనవసరమైన పని వద్దనడం సగం జాగ్రత్తే. డబ్బిచ్చిన పని జరిగిందో లేదో చూసుకోవడం మిగతా సగం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. పాత పార్టు మనదే. అడగడానికి మొహమాటం ఎందుకు?

సాయంత్రం బిల్లు చూసేటప్పుడు ఆయిల్ దగ్గర ఆగండి. ఎన్ని లీటర్లు వేశారు? మీ ఇంజన్‌లో ఫిల్టరుతో కలిపి ఎంత పడుతుందో పుస్తకంలో ఉంటుంది. చిన్న పెట్రోలు కార్లకి సాధారణంగా మూడు, మూడున్నర లీటర్లు. బిల్లులో నాలుగున్నర ఉంటే అడగాలి. ఏ రకం ఆయిలన్నదీ చూడాలి. జీరో డబ్ల్యూ 20 వేయాలని పుస్తకంలో ఉంటే, బిల్లులోనూ అదే ఉండాలి. ఇంటికి వచ్చాక మర్నాడు పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండిని చదునైన చోట నిలిపి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి. రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి దగ్గరగా ఉండాలి. దీనికి పట్టే సమయం ఒక్క నిమిషం.

ఇంత చేసినా అన్యాయం జరిగితే? మొదట వర్క్స్ మేనేజరు దగ్గరకి వెళ్లండి. మా ఫిల్టరు విషయం అక్కడే తేలిపోయింది. తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా పంపండి. అప్పటికీ కదలకపోతే 1915. మళ్లీ చెబుతున్నాను, ఒకటి తొమ్మిది ఒకటి ఐదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. తప్పు జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. అప్పుడు మీ తరఫున మాట్లాడేవి జాబ్ కార్డు, బిల్లు, మీరు తీసిన ఫోటోలు. అందుకే వాటిని దాచుకోమంటున్నాను.

చివరగా మొన్న జరిగిన సర్వీసు గురించి చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం అడ్వైజరు ఫోన్ చేశాడు. 'మేడమ్, ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగాయి, మార్చేద్దామా?' అన్నాడు. 'ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయి?' అని అడిగాను. కొత్తవి సుమారు పది మిల్లీమీటర్లు ఉంటాయి, మూడుకి దగ్గరపడితే మార్చాలి. ఈమాత్రం తెలుసుకున్నాను. 'కనుక్కుని చెబుతాను' అన్నాడు. కాసేపటికి మళ్లీ ఫోన్. 'ఆరు ఉన్నాయి మేడమ్. వచ్చేసారి చూద్దాం లెండి.' అతనే అన్నాడు ఆ మాట.

సాయంత్రం వెళ్లాను. ఈసారి టెక్నీషియన్‌ని పిలిపించమని అడిగాను. ఇరవై రెండేళ్లుంటాయేమో ఆ కుర్రాడికి. చేతుల నిండా నల్లటి జిడ్డు. పాత ఏసీ ఫిల్టరు, పాత ఆయిల్ ఫిల్టరు ఒక పేపరు మీద పెట్టుకుని తెచ్చాడు. ఫిల్టరులో ఈసారీ వేపాకులు ఉన్నాయి. 'మేడమ్, ఇంకోటి చూడండి' అని బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వెనక, టార్చి వేస్తే తప్ప కనపడని మూల, ఎలుక చేరిన గుర్తులు. ఎండుగడ్డి, చింపిన గుడ్డపీలికలు. ఒక వైరు మీద పంటిగాట్లు. గడ్డి తీసేసి, ఆ వైరుకి టేపు చుట్టాడు. 'ఇంకొన్నాళ్లు ఊరుకుంటే వైరు తెగేది. బండి దారిలో ఆగేది' అన్నాడు. బిల్లులో దానికి పైసా లేదు. అది ఏ పట్టికలోనూ లేదు. అతని కంటికి కనిపించింది, చేశాడు.

నేను థ్యాంక్స్ చెబితే సిగ్గుపడ్డాడు. 'పాత పార్టులు అడిగేవాళ్లు తక్కువ మేడమ్' అన్నాడు. 'అడిగితే మాకూ బాగుంటుంది. మేం చేసిన పని ఎవరో చూశారనిపిస్తుంది.'

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఇన్నాళ్లూ అడగడమంటే అనుమానించడం అనుకున్నాను. చక్కగా పనిచేసినవాడికి అది గౌరవమని ఆ కుర్రాడు చెప్పాడు. వచ్చేటప్పుడు ఆ పాత ఫిల్టర్లని పేపరులో చుట్టి వెనక సీటు మీద పెట్టమన్నాను. ఇంటికి వస్తూ అద్దంలో ఆ పొట్లం చూసినప్పుడల్లా తెనాలి, రేకుల షెడ్డు, రావిచెట్టు కింద కుర్చీలో మా నాన్నగారు కనిపించారు.

ఈ రాత్రి మీ కారులోని ఆ పుస్తకం కవరు విప్పండి. పట్టిక ఏ పేజీలో ఉందో చూసి, ఆ పేజీ మూల మడిచి పెట్టుకోండి.